గడుల మరిది

మా మరిదికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: వరస. ఏ పనికైనా ముందు గడులు గీసి, గడికీ గడికీ మధ్య బాణం వేసి, ఆ బాణం వెంటే నడవాలి. మధ్యలో ఒక గడి దాటేస్తే ప్రాణం పోయినట్టే. అందుకే ఇంటా బయటా ఆయన పేరు గడులాయన.

వంటింటి గోడకి టీ కాచే వరస తొమ్మిది గడుల్లో అంటించాడు. ఒకరోజు పొయ్యి పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది.

"ఏవండీ, మంట! నీళ్ళు పోయండి!" అని మా తోటికోడలు కేక.

"ఉండవే. నీళ్ళు రెండో గడి. మనం అయిదులో ఉన్నాం."

ఆవిడే బిందె ఎత్తి కుమ్మరించింది. గుడ్డ మీద సగం, మొగుడి నెత్తిన సగం. "ఇది ఏ గడో మీరే రాసుకోండి," అంది. తల తుడుచుకుని నిజంగానే రాశాడు, పదో గడని!

కూతురు పుట్టిన రోజూ అంతే. నర్సు నవ్వుతూ బయటికొచ్చి "ఆడపిల్ల..." అనగానే చెవులు మూసుకున్నాడు.

"ఆగండి! ముందు తల్లి ఎలా ఉందో చెప్పండి. పిల్ల మూడో గడి."

"మరి రెండోది?"

"మీకు థాంక్స్ చెప్పడం."

ఇలాంటి మనిషికి, పేదల వైద్యానికి సర్కారు డబ్బు మంజూరు చేసే వైద్యసాయం ఆఫీసులో ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లోకి కొత్త పద్ధతి వచ్చింది. దరఖాస్తు ఒకటో గడిలో పడితే తొమ్మిది దాకా తనే నడుచుకుంటూ పోతుంది. ఒకటి పూర్తికాందే రెండోది తలుపు తీయదు. మా మరిది కాలు నేల మీద నిలవలేదు.

"వదినా, ఇక సిఫార్సులు చెల్లవు. గట్టిగా అరిచేవాడూ, నోరులేనివాడూ ఒకే వరస!"

అదే కంప్యూటర్లో ఇంకో భాగం ఉంది, దాని పేరు కేసు. అక్కడ గడులుండవు. ఒక్కో మనిషికీ ఒక్కో ఫైలు. ఏది ముందో ఏది వెనకో చూసేవాడే తేల్చుకోవాలి, కింద తన పేరు పెట్టాలి, తప్పయితే మొట్టికాయలూ తనే తినాలి. ఆఫీసులో అటువైపు ఎవరూ తొంగిచూడరు. గడులాయన అసలే చూడడని అందరి నమ్మకం.

ఒక బుధవారం ఆయన మర్చిపోయిన క్యారియర్ పట్టుకుని మా తోటికోడలు ఆఫీసుకెళ్ళింది. బల్ల ముందు హోటల్ దుప్పట్లు ఉతికే పెద్దావిడ నిలబడి ఉంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికీ మనుషులు మసక నీడల్లాగే ఆనుతున్నారు, దానికి శుక్రవారం ఆపరేషన్. మంజూరు కాగితం లేకపోతే మళ్ళీ మూడు నెలలకే. అప్పటిదాకా కన్ను ఆగదన్నాడు డాక్టరు. ఆ కాగితమేమో నాలుగో గడిలో ఇరుక్కుంది, వేలిముద్ర దగ్గర. బట్టల సోడాలో నానీ నానీ ఆవిడ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి.

"ఇంకోసారి పెట్టండమ్మా."

"పది వేళ్ళూ పెట్టాను బాబూ. ఇక కాళ్ళు పెట్టమంటావా?"

"నాలుగు దాటకుండా అయిదుకి పోలేమమ్మా."

"నా వేళ్ళు నాకున్నాయయ్యా. ఆ డబ్బాకే కళ్ళు లేవు. ముందు దానికి చేయించు ఆపరేషన్!"

మొగుణ్ణి నాలుగు కడిగేద్దామని మా తోటికోడలు కొంగు దోపింది. ఈలోపే ఆయన ఫోన్ అందుకున్నాడు. ముందు ఆసుపత్రికి చేసి, "శుక్రవారం మంచం అట్టే పెట్టండి, కాగితం వస్తోంది," అన్నాడు. అది ఎనిమిదో గడి పని! తర్వాత హోటల్ మేనేజర్‌ని పిలిపించి, ఆవిడ ఆవిడేనని రాయించుకున్నాడు. చివర్లో తీరిగ్గా, "మీ పేరేంటమ్మా?" అన్నాడు.

మా తోటికోడలు ఆయన నుదురు పట్టుకుని చూసింది. "ఎనిమిది నుంచి ఒకటికొచ్చారు! జ్వరమా?"

"ఉష్! ఇది కేసు."

మా తోటికోడలు కంప్యూటర్ తెరలోకి తొంగిచూసింది. అరవై ఒక్క ఫైళ్ళు. అన్నిటి కిందా ఒకే పేరు, మొగుడిది.

"ఇన్నా! ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే రేపు ప్రతివాడూ నాదీ కేసే అంటాడు. గడుల్లో పట్టేవాళ్ళు గడుల్లో పోతేనే కదే, పట్టనివాళ్ళకి నా దగ్గర తీరిక ఉండేది."

శుక్రవారం ఆపరేషన్ అయింది. పది రోజులకి పెద్దావిడ నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. బల్ల ముందు ఆగి, అద్దాలు తీసి, ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. చూడ్డం చాలా త్వరగా అయిపోయింది.

"నువ్వేనా బాబూ! గొంతు విని ఆరడుగులవాడివనుకున్నాను."

మా మరిది లేచి, మునివేళ్ళ మీద నిలబడి, "ఇప్పుడు?" అన్నాడు.