చుక్క రాలితేనే

అనంతపురంలో నేను ఫార్మసీ పరిశోధన చేసిన కాలేజీలో ఎలుకల గది చూసుకునే ఆయన, అంతకుముందు గుమ్మఘట్ట వైపు గొర్రెలు మేపినవాడు. బోను మూసే ముందు నీళ్ల సీసాను గోటితో రెండుసార్లు తట్టి, చుక్క రాలితేనే మూత వేసేవాడు.

ఎలుక మెడలో ఒక రక్తనాళాన్ని కాసేపు కట్టేసి, మెదడుకు రక్తం తగ్గినప్పుడు మా మందు కాపాడుతుందా అని చూడడం నా పని. మత్తు వదిలి లేచాక వాటికి ఒక పక్క కాళ్లు పడిపోయేవి. మందు వేసినవి తేరుకుంటాయి, వేయనివి మేతా నీళ్లూ అందుకోలేక చిక్కిపోతాయి అనుకున్నాను. రెండు రకాలూ సమానంగా బరువు పెరిగాయి.

వెళ్లి చూస్తే ప్రతి బోనులో సీసా మూతి కిందికి దించి ఉంది. మేత నానబెట్టి, ఎలుకల ముట్టెల దగ్గరే పెట్టి ఉంది.

"ఎవరు దించమనిరి అన్నా? నాలుగు నెల్ల పని పాయె" అన్నాను.

ఆయన తల దించుకోలేదు. "గొర్రెపిల్ల లేవలేకుంటే నీళ్లు దాని మూతికాడికే తీస్కపోతాం మేడం. మీ మందు పని చేసేదాకా అది దప్పికతో ఉండల్లనా?"

కోపంతో సీసాలన్నీ నేనే మళ్లీ పైకి ఎత్తాను. ఆయన ఆపలేదు. నా వెనకాలే ఒక్కోదాన్నీ తట్టి చూసుకుంటూ వచ్చాడు.

నిరుడు మా నాయనకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆసుపత్రి వార్డులో నీళ్ల సీసా ఆయన ఎడమపక్క బల్ల మీద ఉంది. డాక్టరుతో మాట్లాడకముందే బల్లను కుడిపక్కకు జరిపాను. ఎందుకో, సీసాను గోటితో రెండుసార్లు తట్టాను.