అక్క గొంతు దాచిన పెట్టె

పోయిన వారం మా వీధిలో ఒకాయన కొత్త కారు కొని, భోగాపురం దాకా వెళ్ళి విమానాశ్రయం చూసొద్దాం రమ్మని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే, ఆ కారు దారి పొడవునా ఆడగొంతుతో బెల్టు పెట్టుకోండి, ఎడమకి తిరగండి అని చెబుతూనే ఉంది. ఆయన మురిసిపోతున్నాడు గాని, నేను మధ్యలోనే ఆపించుకొని దిగిపోయి బస్సులో ఇంటికొచ్చాను. ముసలాయన చాదస్తం అనుకొని ఉంటాడు. మా అక్కకి మాట లేదని, ఆవిడ గొంతు దాచి ఉంచుతానని చెప్పి దాన్ని పోగొట్టింది నేనేనని ఆయనకేం తెలుసు.

చాదస్తం మాత్రం నిజమే. పదేళ్ళ కిందట చీపురుపల్లి స్టేషను రోడ్డులో టైపింగు, పెళ్ళికార్డుల పని చేసుకునే రోజుల్లో నాకు కొన్ని విషయాల్లో ఉడుంపట్టు ఉండేది. కారంటే నా పాత అంబాసిడరే, ఎక్కితే ఇంట్లో కూర్చున్నట్టుండాలి. కంప్యూటరంటే తెల్లరంగు పోయి పసుపుపచ్చకి తిరిగిన నా పాత పెట్టే, బాన పొట్ట మానిటరే. సన్నగా వచ్చే కొత్తవాటిలో సరుకుండదని వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పేవాణ్ణి. పాటంటే రేడియోలో విన్న పాత సినిమా పాటే, తర్వాత వచ్చినవాటిలో డప్పు వినిపిస్తుంది గాని మాట వినిపించదు. ఈ చివరి మాటకైనా మన ఈడువాళ్ళు తలూపుతారనుకుంటాను. సెల్‌ఫోనులో పాటలు వినేవాళ్ళంటే నాకు జాలి.

పాటల పిచ్చి నాకు అంటించింది అక్కే. నాకన్నా ఆరేళ్ళు పెద్దది, విజయనగరంలో బావ కిరాణా కొట్టు చూసుకుంటే తను ఇల్లు చూసుకుంటూ, చేట చేతిలో ఉన్నా చీపురు చేతిలో ఉన్నా ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. సినిమా పాటలు సరే, పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేటప్పుడు మా అమ్మ పాడే పాటలు, అమ్మ పోయాక, మొదటినుంచి చివరిదాకా వచ్చింది అక్కొక్కదానికే. ఆ ఏడు వానాకాలంలో తన గొంతులో గడ్డ ఉందని తేలింది. దసరా వెళ్ళాక విశాఖపట్నంలో ఆపరేషను చేస్తామనీ, మనిషి దక్కుతుంది గాని మాట దక్కదనీ డాక్టరు దాచకుండా చెప్పేశాడు.

అప్పుడు నేను అక్కని మా ఇంటికి తెచ్చుకొని, మధ్యాహ్నాలు కొట్టు తలుపులు వేసి, చప్పుడు రాకుండా ఫ్యాను కూడా ఆపి, చెమటలు కారుతుండగా చిన్న మైకు ముందు కూర్చోబెట్టి ఆ పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. గొంతు బొంగురుపోతున్నా పాట చెడలేదు. ఇంకో చోట కూడా దాచి పెట్టరా అని బావ రెండుసార్లు అన్నాడు. సీడీలకి గీతలు పడతాయి, పెన్‌డ్రైవులు పిల్లల ఆటబొమ్మలు, ఈ పెట్టెలో ఉన్న డిస్కు ఇనుము అన్నాను. ఆ అహంకారం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మహర్నవమి నాడు కొట్టులో ఆయుధపూజ. కారుకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కంప్యూటరుని కూడా పీట మీద పెట్టాం. పనిముట్టు పనిలో ఉండగానే పూజ చెయ్యాలని నా సిద్ధాంతం, అందుకని దాన్ని ఆన్‌లోనే ఉంచాను. పాత పెట్టెలకి గాలి ఆడాలన్నది నా మరో సిద్ధాంతం, అందుకని పక్క రేకు ఎప్పుడో తీసేశాను. ఇంటికి పెద్దదని మామిడాకుతో పసుపునీళ్ళు అక్క చేత చల్లించాను. అన్నిటి మీదా ఒక్కో చుక్క చల్లిన మనిషి, "నా గొంతు ఇందులోనే ఉన్నాది కదరా" అని నవ్వుతూ, ఆ పెట్టె మీద మాత్రం రెండు మూడుసార్లు నిండుగా చల్లింది. లోపల టప్పుమంది. కాలిన వాసన హారతి కర్పూరంలో కలిసిపోయింది. ఫ్యూజు పోయిందని అబద్ధమాడి స్విచ్చి తీసేశాను. తన చేత్తోనే జరిగిందని అక్కకి తెలిస్తే ఆపరేషను బల్ల దాకా ఏం గుండెతో వెళ్తుంది? ఒక్క బావకే చెప్పాను.

దశమి దాటిన మర్నాడు అక్కనీ బావనీ కార్లో ఎక్కించుకొని, వెనక డిక్కీలో దుప్పటి చుట్టిన ఆ పెట్టెతో విశాఖపట్నం చేరాం. మర్నాడు పొద్దున్నే ఆపరేషను. ఆసుపత్రి మెట్ల దగ్గర బావ నన్ను పక్కకి లాగి, "ఒరే, ఆ పెట్టి గొడవ ఒగ్గీ. నా ఫోనున్నాది కదా, కూకోబెట్టి మళ్ళీ పాడిద్దుం" అన్నాడు. ఆ ఫోనులో పాట రేకు డబ్బాలో రాళ్ళు ఆడించినట్టుంటుంది బావా, గంటలో వచ్చేస్తానని వెళ్ళిపోయాను.

కంప్యూటరు రిపేరు కొట్టతను చూసి, సరిగ్గా ఇలాంటి పాత డిస్కే ఇంకోటి దొరికితే దాని బోర్డు దీనికి వేసి చూస్తానన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పాతసామాన్ల కొట్లన్నీ తిరిగాను. వేడికి పెట్రోలు అందక కారు నడిరోడ్డు మీద ఆగిపోతే, ఆటో ఎక్కకుండా, ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ముప్పావుగంట దాని పక్కనే నిలబడ్డాను. చివరికి అలాంటి డిస్కు దొరికింది. బోర్డు మార్చాడు. లోపల టిక్కు టిక్కుమంది, అంతే. అతను తల అడ్డంగా ఊపితే, ఇంకోసారి చూడు బాబూ అని అతని చేతులు పట్టుకున్నాను, ఏడ్చాను కూడా.

ఆసుపత్రికి వచ్చేసరికి ఏడు దాటింది, లోపలికి పోనివ్వలేదు. నిద్రమందు ఇచ్చారనీ పడుకుందనీ బావ కిందికొచ్చి చెప్పాడు. పొద్దున్న బల్లమీద తోసుకెళ్తుంటే పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "తిన్నావేట్రా?" అంది. నేను విన్న ఆఖరి మాట అదే.

ఆర్నెల్లు పోయాక ఉండబట్టలేక నిజం చెప్పేశాను. అక్క పలక తీసుకొని రాసింది: "ఆ మాట ఆ రోజే సెప్తే పాడేదాన్ని కదరా. నువ్వు పక్కన కూకుంటావని, నీకు మళ్ళీ ఒకసారి పాడాలని సాయంత్రం దాకా సూసాను. నర్సమ్మ మందు తెస్తే రెండుసార్లు తర్వాత ఇమ్మన్నాను."

ఇప్పుడు నా జేబులో కూడా ఫోనుంది. ఎవరు మాట్లాడినా, ఎవరు పాడినా వేలితో నొక్కితే చాలు, నిలిచిపోతుంది. మనవలు తుమ్మినా దగ్గినా దాచుకుంటున్నారు. అక్క రోజూ ఉదయం క్షేమమా అని రాసి పంపుతుంది, అది పైకి చదువుకుంటాను. మొదట్లో చదువుతుంటే తన గొంతే వినబడేది. ఈ మధ్య ఎంత ప్రయత్నించినా నా గొంతే వినబడుతోంది.