తెర అక్కర్లేదన్న సనియ్యా

మన్సూరాలో నైలు ఒడ్డుకు రెండు వీధుల వెనక, ఒక పాత మేడ మూడో అంతస్తులో సనియ్యా ఉండేది. ఆరేళ్ళ వయసులో తట్టు పోసి ఆమె రెండు కళ్ళూ పోయాయి. అప్పటినుంచి ఆమెకు జాలి అంటే గిట్టదు. వీధి దాటించబోయి ఎవరైనా మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకునేది. "కావాలంటే నేను నీ భుజం పట్టుకుంటాను. నువ్వు నన్ను పట్టుకోకు. నేను సంచీని కాను మోసుకుపోవడానికి" అనేది. ఊళ్ళో కొందరికి ఇది పొగరుగా తోచేది. తోచనీ అనుకునేది.

చూపు లేనివాళ్ళ బడిలో చదివి, కాలేజీ కూడా పూర్తిచేసి, ఊరి చివర నూలు మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. పాతికేళ్ళు ఆ మిల్లు గొంతు ఆమె గొంతే. "హలో" అన్న ఒక్క మాటతో అవతల ఉన్నది దూదివ్యాపారో, అప్పులవాడో, మేనేజరు భార్యో చెప్పేసేది. తర్వాత మిల్లువాళ్ళు దానంతటదే పలికే యంత్రం ఒకటి తెచ్చారు. లెక్కలకు ఒకటి నొక్కండి, అమ్మకాలకు రెండు నొక్కండి అని అది చెప్పడం మొదలుపెట్టాక, మేనేజరు రిఫ్‌అత్ ఆమెను గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. టీ ఇప్పించినప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది.

"మేడమ్ సనియ్యా, మీరింక శ్రమపడి రానక్కర్లేదు. హాయిగా ఇంట్లో కూర్చోండి. జీతం మామూలుగా వస్తుంది. మీలాంటి వాళ్ళు ఇంతమంది జీతాల పట్టీలో ఉండాలని చట్టం ఉంది కదా" అన్నాడాయన.

"నాలాంటి వాళ్ళకా? అంటే ఆపరేటర్లకా?"

ఆయన టీ కప్పు ఆమె వైపు జరిపాడు.

"ఇంట్లో కూర్చున్నందుకు జీతమా? అంటే నేను చచ్చానో బతికున్నానో నెలకోసారి లెక్క చూసుకుంటారా? వేరే పని ఇవ్వండి, చేస్తాను. పని లేదంటే లేదని రాసివ్వండి, పోతాను. దానధర్మాలు మాత్రం మసీదు మెట్లమీద చేసుకోండి" అని, టీ ముట్టకుండా లేచి వచ్చేసింది.

కింద అంతస్తులో వజీదా అని ఒక లాయరమ్మ ఉండేది. పనివాళ్ళ తరఫున కేసులు వాదించేది. సాక్షుల మాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, వాటిని కాగితం మీదికి ఎక్కించే మనిషి దొరక్క అల్లాడిపోయేది. మెట్లమీద కలిసినప్పుడు ఈ గోడు విన్న సనియ్యా, "నేను టైపు చేసిపెడతాను" అంది. చూపు లేనివాళ్ళ సంఘంలో ఆమె కంప్యూటరు నేర్చుకుంది. నొక్కిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఉంటుంది. దాని సాయంతో మంచి వేగంగానే టైపు చేసేది. అయితే ఆ కంప్యూటరు సంఘానిది. సొంతంగా ఒక లాప్‌టాప్ కావాలి.

ఏం కావాలో తలుచుకుంటే ఆమెకు అంతా వేళ్ళకూ చెవులకూ సంబంధించినదే. మీటలు లోతుగా దిగాలి, నొక్కితే నొక్కానని వేలికి తెలియాలి. లోపలి ఫ్యాను గోల చెయ్యకూడదు. సాక్షి గొణిగిన మాట దాని హోరులో కొట్టుకుపోతుంది. ఆ వేసవి రోజూ కరెంటు తీసేస్తున్నారు గనక బ్యాటరీ గట్టిది కావాలి. ఒక చేతిలో కర్ర ఉంటుంది, మరీ బరువుండకూడదు. చదివే ప్రోగ్రాం ఆగిఆగి నత్తిగా పలక్కుండా లోపల జ్ఞాపకశక్తి సరిపడా ఉండాలి. అంతే.

తమ్ముడు షౌకీ వెంట వస్తానన్నాడు. రైల్వేలో టికెట్ల గుమాస్తా, పై అంతస్తులోనే కాపురం. అక్క అంటే ప్రాణం. ఆ ప్రాణమే కాస్త ఎక్కువై ఆమెకు ఊపిరాడనిచ్చేది కాదు. పెద్ద బజారులో, చల్లటి గాలి ఆడే ఒక కొత్త షాపుకు తీసుకుపోయాడు.

"ఆవిడకి ఎందుకండీ లాప్‌టాప్?" అని షాపతను షౌకీని అడిగాడు.

"ఆవిడ ఇక్కడే ఉంది. ఆవిడకి చెవుడు కూడా లేదు" అంది సనియ్యా.

"తప్పు అనుకోకండి హాజ్జా. ఇదిగో, ఈ మోడల్ చూడండి. తెర అయితే సినిమా హాలే అనుకోండి! రంగులకి కళ్ళు చెదిరిపోతాయి."

"నావి ఎప్పుడో చెదిరాయి నాయనా. సినిమా నువ్వు చూసుకో. నాకు మీటలు చూపించు."

ఆమె చెయ్యి చాచి కీబోర్డు తడుముతుంటే అతను మెల్లగా దాన్ని వెనక్కి లాక్కున్నాడు. కొత్త సరుకు, వేలిముద్రలు పడతాయట. సనియ్యా చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"బట్టలకొట్లో గుడ్డ పట్టుకుని చూడనిస్తారు. కూరగాయలవాడు టమాటా నొక్కి చూడనిస్తాడు. నెలల సంపాదన పోసి కొనేదాన్ని ముట్టుకోవద్దా? పద షౌకీ" అని కర్ర తిప్పింది.

దారిలో షౌకీ, "అక్కా, అదే కొందాం. తక్కువపడింది నేను వేస్తాను. అందరిలాంటిదే నీకూ ఉండాలి" అన్నాడు.

"అందరికీ ఉన్న అవసరం నాకు లేదురా. నాకు పనికిరాని తెరకి సగం డబ్బు పోసి, పనికొచ్చే మీటల దగ్గర సర్దుకోమంటావా? నీకు చెప్పులు కొనేటప్పుడు నీ కాలికి సరిపోయేవి కొంటావా, పొరుగింటాయన కాలికి సరిపోయేవా?"

మర్నాడు అతను డ్యూటీకి పోయాక సనియ్యా ఒక్కతే మైక్రోబస్సు ఎక్కి స్టేషను వెనక సందులకు పోయింది. అక్కడ వాడిన లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే అర్సానీ కొట్టు చూపించారు. అర్సానీ అరవై దాటిన మనిషి. కొట్టునిండా కాలిన సోల్డరు వాసన, మూల చర్చి పాటలు తగ్గుస్వరంతో.

"రండమ్మా, కుర్చీ మీ కుడివైపుంది" అన్నాడాయన. చెయ్యి పట్టుకోలేదు. సనియ్యాకు ఆ కొట్టు అప్పుడే నచ్చింది.

ఏం కావాలో చెప్పింది. ఆయన ఒక్కొక్కటే తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకదాని మీటలు పల్చటి బిస్కెట్లలా ఉన్నాయి. ఒకటి తేలికే గానీ ఫ్యాను పిండిమరలా మోగింది. ఒకదాని బాణం గుర్తు మీటలు ఇరుక్కుపోయి పక్కవాటి మీద పడుతున్నాయి. ప్రతిదాని మీదా ఆమె ఏదో టైపు చేసి, చెవి ఆనించి విని, ఎత్తి బరువు చూసి పక్కన పెట్టింది. అలా జరుపుతుండగా బల్ల చివర ఇంకోటి చేతికి తగిలింది. వేళ్ళు ఆన్చగానే సనియ్యా ఆగిపోయింది. మీటలు లోతుగా, మెత్తగా, నొక్కితే ఠపీమని బదులిస్తున్నాయి.

"ఇదెంత?"

"అది అమ్మేది కాదమ్మా. ఏదో ఆఫీసు నుంచి వచ్చింది. లోపలంతా బంగారం. కానీ ఎవరో దానిమీద కూర్చున్నారు. తెర పగిలిపోయింది. కొత్త తెర వేస్తే దాని ఖరీదు దాటిపోతుంది. అందుకని విడిభాగాలకి పెట్టుకున్నా."

సనియ్యా పకపకా నవ్వింది. "ఒక్క తెర తప్ప అన్నీ బాగున్నాయా?"

"అన్నీ."

"అయితే అది నాదే. ధర చెప్పండి."

అర్సానీ కంగారుపడ్డాడు. "వద్దమ్మా. చూపులేని మనిషికి పగిలిన సరుకు అంటగట్టాడని సందంతా నా మొహాన ఉమ్మేస్తారు. ముప్ఫై ఏళ్ళ కొట్టు ఇది."

"అంటగట్టేది మీరు కాదు, అడిగేది నేను. అడిగే నోరు ఉందా లేదా? మీ పరువు కోసం నేను ఎక్కువ డబ్బు కట్టాలా?"

ఆయన చాలాసేపు తటపటాయించాడు. చివరికి కొట్టులోని వేరే తెరని కాసేపు తీగతో తగిలించి, చదివే ప్రోగ్రాం ఎక్కించాడు. ఆమె అరబ్బీ గొంతు పెట్టించుకుని వేగం పెంచుతూ పోయింది. ఆయన నవ్వుతూ, "ఇది అరబ్బీయేనా అమ్మా? పప్పులు వేయిస్తున్నట్టుంది" అన్నాడు. సనియ్యా తృప్తిగా తల ఊపింది. ఎక్కడా నత్తి లేదు. కొత్తది కొనే డబ్బులో నాలుగోవంతు కూడా కాలేదు. మిగిలినదానిలో కొత్త బ్యాటరీ వేయించి, ఇంకాస్త మెమరీ పెట్టించి, చెవులు నిండుగా కప్పే మంచి హెడ్‌ఫోన్ ఒకటి తీసుకుంది. పగిలిన తెరమీద పల్చటి ప్లాస్టిక్ అతికించి ఇచ్చాడు ఆయన.

వారంలోపే వజీదా పని మొదలైంది. సనియ్యా పొద్దున్నే ఫూల్ అనే ఉడికించిన చిక్కుడుగింజలతో రొట్టె తిని హెడ్‌ఫోన్ పెట్టుకునేది. ఇటుకల బట్టీ పనివాడు ఏడుస్తూ చెప్పింది, ప్యాకింగు పిల్ల భయంభయంగా చెప్పింది, అన్నీ ఆమె వేళ్ళలోంచి కాగితం మీదికి దిగేవి. మొదటిసారి డబ్బు చేతిలో పడినప్పుడు షౌకీ పిల్లలకి బస్బూసా కొని పంపింది.

మిఠాయి తిన్న షౌకీ అభినందించడానికి కిందికి వచ్చాడు. తెర మూతవేసి ఉన్న లాప్‌టాప్‌ని మురిపెంగా తెరిచి చూశాడు. సాలెగూడులా చీలిన అద్దం కనపడింది. మూత దించి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు సనియ్యా వజీదా దగ్గరికి దిగి, తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. బల్లంతా తడిమింది, కింద తడిమింది. మరదలు పైనుంచి, "ఆయన పట్టుకెళ్ళారు వదినా. మీరు చెప్పిన ఆ కొట్టుకెళ్ళి ఆ దొంగ సచ్చినోణ్ణి అడుగుతానన్నారు" అంది.

సనియ్యాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, కర్ర అందుకుని, దొరికిన మొదటి టుక్‌టుక్ ఎక్కింది. సందు మొదట్లోకి వచ్చేసరికే తమ్ముడి గొంతు వినిపించింది.

"గుడ్డిది కదా అని పగిలింది అంటగడతావా? నీకు తల్లీ చెల్లీ లేరా?"

"నేను చెప్పానయ్యా, ఆవిడే..." అని అర్సానీ గొంతు సన్నగిల్లింది. చుట్టూ జనం పోగైన సద్దు. "పాపం, పాపం" అని ఎవరో అంటున్నారు.

సనియ్యా కర్రతో దారి చేసుకుని లోపలికి పోయింది.

"షౌకీ, బల్లమీద పెట్టు దాన్ని."

"అక్కా, నువ్వు మాట్లాడకు, నేను తేల్చుకుంటాను. వీడు నిన్ను..."

"నన్ను మోసం చేసింది ఇక్కడ ఒక్కడే. నా గదిలోకి వచ్చి నా వస్తువు నాకు చెప్పకుండా ఎత్తుకుపోయినవాడు."

షౌకీ లాప్‌టాప్‌ని బల్లమీద పెట్టాడు.

"నేను... నీ మంచికే కదా అక్కా" అన్నాడు షౌకీ.

"పోయినవి కళ్ళురా. బుద్ధి పోలేదు, నోరు పోలేదు. ఇది పగిలిందని నాకు తెలుసు. పగిలింది గనకే కొన్నాను. అందులో లాయరమ్మ సాక్షుల మాటలున్నాయి, అవి బజారుకెక్కితే వాళ్ళ పనులు పోతాయి. ఇవేవీ అడగాలని నీకు తోచలేదు. పరువు పోతుందనేనా? నీ పరువుకి నా తెర కావాలా?"

ఎవరో నవ్వారు. సనియ్యా అటు తిరిగి, "పాపం అన్నదెవరో ఇందాక, వాళ్ళూ ముందుకి రండి. మీ లాప్‌టాప్‌లో ఎంత పని చేస్తారో, ఎంత సినిమా చూస్తారో చెప్పండి, విందాం" అంది.

షౌకీ నెమ్మదిగా, "అద్దం పెచ్చులు లేస్తోంది అక్కా. ప్లాస్టిక్ కింద అంచున చూశా. నీ వేళ్ళు తెగితే ఏం చేస్తావు? వేళ్ళే కదా నీకు..." అన్నాడు.

సనియ్యా చెయ్యి చాచి మూత అంచు వెంట జాగ్రత్తగా తడిమింది. ఒక మూల ప్లాస్టిక్ లేచి, గరుకుగా గాజు తగిలింది. తమ్ముడు చెప్పింది నిజం.

"ఇది సరైన మాట. ఇది నాతో ఇంట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది" అని, అర్సానీ వైపు తిరిగింది. "ఉస్తాజ్ అర్సానీ, మూత ఊడదీసెయ్యండి."

"తెర మార్చమంటారా?"

"మార్చడం కాదు. మొత్తం తీసెయ్యండి. కింద పలక చాలు నాకు."

"ఇంటర్నెట్ తీగలు మూతలో ఉంటాయమ్మా..."

"వాటికి కింద చోటు లేదా?"

ఆయన అడుగు పలక తిప్పి చూసి, "ఉంటుంది. బ్యాటరీ పక్కన మడిచి పెట్టొచ్చు" అన్నాడు. గొంతులో హుషారు వచ్చింది. స్క్రూడ్రైవరు తీశాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. షౌకీ వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, ఊడిన స్క్రూలు కింద పడకుండా దోసిట్లో పట్టుకున్నాడు. పని అయ్యాక అతను, "చాలా తేలిగ్గా అయిపోయిందే" అన్నాడు. "అయింది" అంది ఆమె. తిరిగి వచ్చేటప్పుడు అతను భుజం ఇచ్చాడు, ఆమె పట్టుకుంది.

మిల్లు వ్యవహారం మేనేజరు గదితో ఆగలేదు. పని ఇవ్వకుండా జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం చెల్లదని సనియ్యా వజీదా చేత కేసు వేయించింది. అర్జీ తనే టైపు చేసుకుంది. ఏడాది పైగా నడిచి, చివరికి మిల్లువాళ్ళు ఆమెకు ఫిర్యాదుల విభాగంలో కుర్చీ ఇచ్చారు. పాత ఆపరేటరు కుర్చీ కాదు అది, అయినా పని ఉన్న కుర్చీ. మధ్యాహ్నాలు మిల్లుకు, సాయంత్రాలు వజీదాకు.

ఒకనాడు కోర్టు వరండాలో బెంచీమీద కూర్చుని, ఒడిలో ఆ పలక పెట్టుకుని చకచకా టైపు చేస్తుంటే ఒక ముసలి గుమాస్తా ఆగాడు.

"అమ్మా, నీ లాప్‌టాప్‌కి పైభాగం ఊడిపోయిందే! ఎక్కడైనా పడిపోయిందేమో, వెతకనా?"

"ఊడలేదు పెద్దాయనా, ఊడదీయించాను" అంది సనియ్యా, వేళ్ళు ఆపకుండానే.