రెండు వేళ్ల దూరం

మా తోడల్లుడు ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సులకు రంగు వేశాడు. డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచింది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగిలిన అందరికీ ఆయన ‘రెండో కోటు’. ఏ పనికైనా ఒక కోటు చాలదని ఆయన నమ్మకం. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. పిల్లల్ని తిట్టినా అదే పద్ధతి. మొదటి విడత పలుచగా తిట్టి, ఆరనిచ్చి, గంటన్నర తర్వాత అదే విషయం మీద చిక్కగా తిడతాడు. ఆ గంటన్నరా పాపం పిల్లలకు ముద్ద దిగేది కాదు.

స్ప్రే గన్ పట్టుకుంటే ఆయన మణికట్టు కదలదు. భుజం కదులుతుంది, భుజంతో పాటు మనిషే నడుస్తాడు. గన్నుకీ రేకుకీ మధ్య సరిగ్గా జానెడు. ఏ బస్సయినా ఎడమ వెనక మూల నుంచే మొదలుపెడతాడు. చెయ్యి కుదురుకునే లోపు జరిగే తప్పులు ఎవరూ చూడని మూలలో జరగాలని పని నేర్పిన పెద్దాయన చెప్పాడట.

పోయిన ఏడాది రిటైరయ్యాడు. రెండు నెలలు ఓపిక పట్టి, తర్వాత ఇంట్లో వస్తువుల మీద పడ్డాడు. గేటు, నీళ్ల డ్రమ్ము, మెట్ల కమ్మీలు, చివరికి ఫ్రిజ్ కూడా బస్సు పసుపులోకి మారిపోయాయి. వంటింట్లో అడుగు పెడితే ఎవరో టిక్కెట్ అడుగుతారేమోనని భయంగా ఉందని మా వదినగారు, అంటే మా ఆవిడ అక్క, ఫోన్‌లో చెప్పుకుని వాపోయింది.

అలాంటి సమయంలో తొమ్మిదో నంబరు బస్సు విషయం వచ్చింది. ఆ బస్సునీ, పందొమ్మిదేళ్లు దాన్ని నడిపిన డ్రైవరునీ ఒకే రోజు ఇంటికి పంపించేస్తున్నారు. డ్రైవరుకి ఇవ్వడానికి డిపోలో టింకరింగ్ పని చేసే రేకులాయన నాలుగు నెలలు కూర్చుని మోచెయ్యంత బస్సు తయారు చేశాడు. కిటికీలు, మెట్లు, పైన సామాన్ల కమ్మీ, అన్నీ ఉన్నాయి. ఒంటి నిండా ఆవగింజ కంటే చిన్న రివెట్ల బుడిపెలు, ఒక్కొక్కటీ సూదిమొనతో లోపలి నుంచి పొడిచినవి. అది పూర్తయ్యేసరికి ఆయన చూపు బాగా మందగించింది. ఇంకోటి చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదని ముందే చెప్పేశాడు.

బూడిద రంగు ప్రైమర్ పూసిన ఆ బస్సుని క్యాంటీన్ బల్ల మీద పెట్టినప్పుడు మా తోడల్లుడు అందరి ముందూ ఒక మాటన్నాడు. ‘‘రంగు నాది. ఫొటో తీస్తే పెద్దదేదో, చిన్నదేదో తెలియకూడదు.’’

కుంచెతో వేస్తే గీతలు పడతాయి. పెద్ద గన్ను తిప్పితే బస్సు బల్ల మీద నుంచి ఎగిరి కింద పడుతుంది. బొమ్మలకూ మోడళ్లకూ రంగులమ్మే దుకాణానికి వెళ్లి, ఉన్నవాటిలో చవక ఎయిర్ బ్రష్ కొనుక్కొచ్చాడు. లావుపాటి పెన్నంత గొట్టం, దాని నెత్తిన సీసా మూతంత గిన్నె, టిఫిన్ డబ్బా అంత కంప్రెసర్. పెట్టెలో వాడే విధానం రాసిన కాగితం కూడా ఉంది. దాన్ని మడిచి కదులుతున్న బల్ల కాలి కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్లు గన్ను పట్టినవాడికి పెన్ను ఎలా పట్టుకోవాలో కాగితం చెబుతుందా?

మొదటి రోజు బస్సులకు కలిపినట్టే రంగు చిక్కగా కలిపి పోశాడు. పెన్ను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పెద్ద గన్ను మూసుకుపోతే తీగతో పొడవడం అలవాటు గనక దీన్నీ పొడిచాడు. లోపల వెంట్రుక లాంటి సూది ఉంటుందని ఆయనకేం తెలుసు? దాని మొన కాస్తా కొక్కెంలా వంగింది. దుకాణం వాడు మారు మాట్లాడకుండా ఇంకో సూది ఇచ్చాడట. ఆ మాట్లాడకపోవడమే తనకి ఎక్కువ గుచ్చుకుందని తర్వాత ఒప్పుకున్నాడు.

రెండో రోజు రంగు కాస్త పలుచన చేసి, పాత రేకు ముక్క మీదైనా చూసుకోకుండా నేరుగా బస్సు దగ్గరికెళ్లాడు. ఎడమ వెనక మూల. జానెడు దూరం. ఆ పెన్ను వదిలే రంగు పొగమంచంత సన్నం. జానెడు దాటేలోపు గాల్లోనే ఆరిపోయి పొడిలా రాలింది. వేలు పెట్టి చూస్తే ఆ మూల ఎమరీ కాగితంలా గరగరలాడింది. వీడ్కోలుకి ఇంకా ఆరు రోజులు ఉన్నాయి.

బస్సు మీద గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. మా వదినగారు చూసింది, చెల్లెలికి చెప్పింది, అలా నాకూ తెలిసింది.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. ముందు గదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. గోళ్ల మీద పువ్వులూ, మబ్బులూ వేసేది అచ్చం అలాంటి ఎయిర్ బ్రష్‌తోనే, అదీ ఐదేళ్లుగా. బావ పెన్ను కొన్నాడని తెలిసిన రోజే, కావాలంటే చూపిస్తానంది. గోళ్లకీ బస్సుకీ పోలికేమిటని బావ నవ్వాడు. మా ఆవిడ ఆ నవ్వుని జాగ్రత్తగా దాచిపెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చాడు. చేతిలో సంచీ. కంప్రెసర్ చప్పుడు ఎక్కువొస్తోంది, మీదీ ఇంతే చప్పుడు చేస్తుందా అని కనుక్కోవడానికి వచ్చానన్నాడు. మా ఆవిడ తలెత్తకుండా సీసాలు సర్దుకుంటోంది.

‘‘చప్పుడు వినడానికి ఇంత దూరం వచ్చావా బావా?’’

‘‘అటుగా పనుండి వచ్చానులే.’’

‘‘సంచీలో పసుపు రంగు డబ్బా ఎందుకు మరి?’’

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. బావా మరదళ్ల మధ్య దూరినవాడు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు.

‘‘సరే, చూపించవే,’’ అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

‘‘ఏంటి? కంప్రెసర్ చప్పుడులో వినబడలేదు.’’

కంప్రెసర్ ఇంకా ఆన్ చెయ్యనే లేదు. ఆయన ఇంకోసారి అడిగాడు. జీవితమంతా వేసిన రెండో కోట్లలో ఆయనకి అన్నిటికంటే కష్టమైనది అదే అయ్యుంటుంది.

కిటికీలు తీసి, ముగ్గురికీ ముక్కులకు మాస్కులు కట్టించి, మా ఆవిడ పాఠం మొదలుపెట్టింది. రంగు పాలంత పలుచగా ఉండాలి. మీట ముందు కిందకి నొక్కితే గాలి వస్తుంది. నొక్కి ఉంచి వెనక్కి కొద్దికొద్దిగా లాగితే రంగు వస్తుంది. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. తారుమారైతే తర్వాతిసారి నొక్కగానే ఉమ్మినట్టు మచ్చ పడుతుంది. రంగు మార్చిన ప్రతిసారీ గిన్నె కడగాలి. ఇక దూరం రెండు వేళ్లు.

‘‘రెండు వేళ్లేనా? ముప్ఫై ఏళ్లుగా జానెడు,’’ అన్నాడాయన.

‘‘బస్సు నీకంటే పెద్దది గనక అది జానెడు. ఇది నీ చేతికంటే చిన్నది బావా.’’

సాధన చెయ్యడానికి ప్లాస్టిక్ గోళ్లు పెడితే గాలికి ఎగిరి సోఫా కిందకి పోయాయి. మా ఆవిడ నా వైపు తిరిగింది. ఈ ఇంట్లో కొత్త పని ఏదొచ్చినా ముందు నా ఒంటి మీదే ప్రయోగం. జుట్టు రంగు అలాగే వచ్చింది, కనుబొమల దారం అలాగే వచ్చింది. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాను.

చిటికెన వేలి మీద రంగు వరదలా పారింది. ఉంగరం వేలి మీద సాలీడు కాళ్లలా చీలిపోయింది. మధ్య వేలికి మా ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని, భుజం కదిపితే తంతానంది. చూపుడు వేలు ఫర్వాలేదు. బొటనవేలు దగ్గరికొచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టాడు. పెన్ను మెత్తగా బుసకొట్టింది. గోరు మీద పసుపు, పొరలా, ఒక్క మరక లేకుండా పరుచుకుంది. తొమ్మిదో నంబరు పసుపు.

మిగతా వేళ్లు థిన్నర్‌తో తుడిచారు గాని బొటనవేలిని మాత్రం ఆయన ముట్టుకోనివ్వలేదు. నమూనాగా ఉండాలట. నేను పనిచేసేది కరెంటు బిల్లుల కౌంటర్లో. మర్నాడు చిల్లర అందుకుంటూ ఒక పెద్దాయన నా గోరు చూసి, కామెర్లు ముదిరితే గోళ్లకి ఎక్కుతాయి బాబూ, అశ్రద్ధ చెయ్యకు అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఒక అడుగు దూరం జరిగారు.

మా తోడల్లుడు ఇంటికెళ్లి గరుకు మూలని వీలైనంత నున్నగా రుద్దాడు. పూర్తిగా రుద్దితే రివెట్లు అరిగిపోతాయి. థిన్నర్ పెట్టి తుడుద్దామంటే అతుకుల్లో ఉన్న లప్పం లేచొస్తుంది. అలాగే ఉంచి, బస్సు మొత్తానికి రెండు వేళ్ల దూరం నుంచి పలుచటి పొర వేశాడు. అద్దంలా వచ్చింది. ఎడమ వెనక మూల మాత్రం కింద పాత పసుపు ఉండటం వల్ల అరచెయ్యంత మేర రంగు కాస్త ముదురుగా తేలింది.

ఇంకో కోటు వేస్తే ఆ తేడా పోతుంది. కానీ ఆవగింజంత రివెట్లు రంగులో పూడుకుపోతాయి. గిన్నెలో రంగు పోసి, పెన్ను పట్టుకుని, ఆయన అరగంట ఆ బస్సు ముందు కూర్చున్నాడని మా వదినగారు చెప్పింది. తర్వాత లేచి రంగు డబ్బాలోకి వంపేసి పెన్ను కడిగేశాడట. ఒంట్లో బాగుందా అని ఆవిడ నుదురు తాకి చూసిందట.

వీడ్కోలు రోజు మమ్మల్నీ రమ్మన్నారు. క్యాంటీన్లో టీ, బిస్కెట్లు, రెండు ప్రసంగాలు. మా తోడల్లుడు నా పక్కన ఉతికిన చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. డ్రైవరుకి మచ్చ సంగతి ముందే చెప్పి క్షమించమని అడుగుతానని దారిలో నాతో రెండుసార్లు అన్నాడు.

చెప్పే అవకాశం రాలేదు. డ్రైవరు బస్సుని అందుకుని ముందు చూశాడు, పక్కకి చూశాడు, వెనక్కి తిప్పాడు. ఎడమ వెనక మూల మీద బొటనవేలు ఆగింది. ఏడేళ్ల క్రితం తొమ్మిదో నంబరుని వెనక్కి తీస్తూ సరిగ్గా అక్కడే గేటు స్తంభానికి గుద్దాడు. మా తోడల్లుడు వేసిన మాటు రంగు కలవలేదు. అప్పట్లో కొన్నాళ్లు కనబడినప్పుడల్లా డ్రైవరు ఆయన్ని దాని మీద ఆటపట్టించేవాడు. ఈ సంగతి మా తోడల్లుడికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

‘‘ఇది కూడా వేశావట్రా,’’ అన్నాడు డ్రైవరు. ‘‘నేనింకా అది మర్చిపోయుంటావనుకున్నా.’’

మా తోడల్లుడు నిజం చెప్పడానికి లేచాడు. ఆయన సంగతి నాకు తెలుసు, చెప్పి తీరుతాడు, రెండుసార్లు చెబుతాడు. ఈలోపు పక్కనున్న రేకులాయన బస్సుని చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో ఒంటి పొడవునా తడిమాడు.

‘‘అన్నీ తగులుతున్నాయిరా,’’ అన్నాడు. ‘‘ఒక్క రివెట్టు కూడా పూడలేదు.’’

మా తోడల్లుడు కూర్చున్నాడు.

వెళ్లేటప్పుడు డ్రైవరు అందరితోనూ చెయ్యి కలిపాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాక ఎడమ బొటనవేలు చూసి, వెలుతురులోకి తిప్పాడు.

‘‘అరె, ఇక్కడ మాత్రం రంగు కుదిరిందిరా నీకు,’’ అన్నాడు మా తోడల్లుడితో.

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, నా వేలి మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

‘‘అంచున పలుచబడింది తమ్ముడూ. ఆదివారం ఇంట్లోనే ఉండు. రెండో కోటు వేద్దాం.’’