విస్తరి దగ్గర ఆగిన పడవ

పదిహేడేళ్ళుగా ఎనిమిదో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద త్రిభుజం గీసి, "ఇది డెల్టా, ఇక్కడ నది సముద్రంలో కలుస్తుంది" అని చెబుతూ వచ్చాను. ఆ కలిసే చోటు మా మామిడికుదురుకి ఎంతో దూరం కాదు. అయినా సరిగ్గా చూసింది లేదు. ఓసారి అంతర్వేది తీర్థానికి వెళ్ళాను గానీ, అక్కడ జనం తలలు తప్ప నీళ్ళు కనిపించలేదు.

దసరా సెలవులై బడి తెరిచాక మా అటెండరు ఒక కబురు చెప్పాడు. "మా చుట్టం సత్తిబాబని, మస్కట్ నుంచొచ్చి ఎదుర్లంక రేవులో పడవ తిప్పుతున్నాడండి. పొద్దున్న ఎక్కించుకుని మొగ దాకా తీసుకెళ్ళి సాయంత్రానికి దింపేస్తాడండి. భోజనం ఖర్చు కూడా అందులోనేనండి." మొగ అంటే గోదావరి సముద్రంలో పడే చోటు. మనిషికి మూడు వందల యాభై.

మావారికి చెప్పాను. కొబ్బరితోట, వరిచేను తప్ప మూడోది చూడాలన్న కోరిక ఆయనకి ఎప్పుడూ లేదు. "నీళ్ళు చూడ్డానికి ఎదురు డబ్బులివ్వడమేమిటే? మన పంటబోదెలో లేవా?" అన్నారు. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. ఆదివారం తెల్లవారేసరికి నాకంటే ముందు చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నారు.

అయిదుంబావుకి రాజోలు నుంచి వచ్చే ఎర్రబస్సు ఎక్కాం. బల్లకట్టులాంటి పంటు మీద దాటే రోజుల్లో అమలాపురం వెళ్ళడమంటే ఒక పూట పని. ఇప్పుడు బోడసకుర్రు వంతెన మీద కునుకు తీసేలోపు ఏరు దాటేశాం. నా పక్కన కూర్చున్నామె కొబ్బరితాళ్ళ చుట్టలు ఒళ్ళో పెట్టుకుని ముమ్మిడివరం సంతకి వెళ్తోంది. ఎక్కడికని అడిగితే చెప్పాను. "సరదాకాండీ? మావోళ్ళు పనుండే వెళ్తారండి నీళ్ళమీదకి. సరదాకెవరూ వెళ్ళరండి" అంది. మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ తెగ సంతోషించారు.

అమలాపురంలో ఆరుంబావు. బస్టాండు ఎదురుగా పెసరట్లు తిని, ఆరు నలభైకి యానాం వెళ్ళే బస్సు పట్టుకున్నాం. మురమళ్ళ దాటాక చేపల చెరువులు మొదలయ్యాయి. ఏడూ నలభైకి ఎదుర్లంకలో దిగి, వంతెన పక్కనుంచి రేవులోకి నడిచాం. రిక్షా అక్కర్లేదు, అయిదు నిమిషాల నడక.

సత్తిబాబుకి ముప్ఫై అయిదుంటాయి. గళ్ళ లుంగీ మీద మస్కట్ హోటలు పేరున్న టీ షర్టు వేసుకున్నాడు. మోటారు బిగించిన నాటుపడవ, పైన నీలం టార్పాలిన్ నీడ, కూర్చోడానికి చెక్కబల్లలు. వెనకాల తాడుతో కట్టి రెండు ప్లాస్టిక్ దోనెలు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత. తెడ్డుకి రెండు వైపులా ఆకులున్నాయి. "కయాకంటారండి అక్కడ. మావోళ్ళు ప్లాస్టిక్ దోనె అంటారండి" అన్నాడు.

మాతోపాటు కొత్తపేటలో ఎరువుల కొట్టున్న సుబ్బారావుగారు, ఆయన భార్య ఎక్కారు. మహా మర్యాదస్థులు. నేను కాలు తొక్కితే ఆవిడే "పరవాలేదండి, మీకు దెబ్బ తగల్లేదు కదా" అంది. పడవ వెనక భాగంలో కిరోసిన్ స్టవ్వు ముందేసుకుని సత్తిబాబు భార్య నూకరత్నం కూర్చుంది. ఎనిమిదీ అయిదుకి మోటారు తిప్పాడు.

ఎడమ వైపు యానాం ఒడ్డు వెనక్కి పోతుంటే గౌతమి వెడల్పవుతూ వచ్చింది. మావారు బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, చూపు మాత్రం ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల మీద పెట్టారు. "ఆ గెలలు దింపే నాథుడు లేడల్లే ఉంది" అన్నారు. నేను లేచి వెళ్ళి నూకరత్నం దగ్గర కూర్చున్నాను. టీ పోసిచ్చింది. ఊరికే మాట కలపడానికి, మీ ఆయన మళ్ళీ ఎప్పుడు వెళ్తాడని అడిగాను.

"గురువారం విమానమండి. బుధవారం హైదరాబాద్ బస్సెక్కాలి. ఎక్కుతాడో లేదో ఇయ్యాళ తేలాలండి."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు వచ్చాడు. అన్నీ కలిపితే ఏడు నెలలు కాపురం చేశారు. ఇప్పుడు వెళ్ళనంటున్నాడు, ఈ పడవ మీదే బతుకుదామంటున్నాడు. గురువారం వెళ్ళకపోతే ఆ ఉద్యోగం ఇంక ఉండదు.

"నాకుండాలని లేదాండీ? కానీ ఇది సాగక, ఈయన నలుగురి దగ్గరా చెయ్యి చాపితే నేను చూళ్ళేనండి. అందుకే చెప్పేను, వచ్చినోళ్ళు మళ్ళీ వస్తామంటే ఉండు, లేదంటే వెళ్ళిపో అని. ఇది మూడో ఆదివారమండి. అందరూ 'బెమ్మాండం, తప్పకుండా వస్తాం' అనే అన్నారండి. మనోళ్ళు ఎవరికైనా అలాగే అంటారు కదండీ. నిజంగా ఎవరన్నారో నాకెలా తెలుస్తాదండీ?"

మా వైపు ఎవరి నోటా 'కాదు' అన్నది రాదు. ఆయ్ అంటే ఒప్పుకున్నట్టా, ఊరికే విన్నట్టా అన్నది ఆ మనిషి ఇల్లు దాటి వెళ్ళాక గానీ తెలీదు.

పదింబావుకి మొగ చేరాం. ఎదురుగా ఇసుకతిన్నె అడ్డుపడి, దాని లోపల కదలని నీళ్ళతో చిన్న అఖాతం. తిన్నెకి ఆవల సముద్రం హోరు వినిపిస్తోంది గానీ ఇక్కడ అల లేదు. గోదావరి ఎర్రనీళ్ళు, సముద్రం ఆకుపచ్చ నీళ్ళు పక్కపక్కనే ఉండి కూడా వెంటనే కలవడం లేదు. నేను నల్లబల్ల మీద గీసిన గీతకి ఇలాంటి మర్యాద లేదు, తిన్నగా వెళ్ళి గుద్దుకుంటుంది.

సత్తిబాబు నాకు మునిగిపోకుండా చొక్కాలాంటి నారింజరంగు బెండు కట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకోమని, ఎర్ర దోనెలో కూర్చోబెట్టాడు. మొదట గుండ్రంగా తిరిగాను. పావుగంటకి తిన్నగా వెళ్ళడం పట్టుబడింది. పక్కన పసుపుదానిలో వస్తూ చెప్పాడు, "మస్కట్ హోటల్లో నా పని ఇయ్యి కడిగి, దొరల్ని కూర్చోబెట్టి నీళ్ళలోకి తొయ్యడమండి. తొమ్మిదేళ్ళు తోసేనండి. మమ్మల్ని ఎక్కనివ్వరండి. పగిలిపోయినియ్యి రెండు పారేస్తుంటే అడిగి తెచ్చుకుని, అతుకులేసి కార్గోలో పంపేను. మొట్టమొదటిసారి కూర్చుంది ఎదుర్లంక రేవులోనేనండి." అతను ఇది మామూలుగానే చెప్పాడు, నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

పదకొండూ నలభైకి భోజనానికి బయల్దేరాం. భోజనం భైరవపాలెంలో, నూకరత్నం పుట్టింట్లో. మడచెట్ల మధ్యనుంచి సన్నటి పాయలో వెళ్ళాలి. దిగేటప్పుడు సత్తిబాబు గట్టిగానే చెప్పాడు. "ఒంటిగంటన్నరకల్లా ఎక్కెయ్యాలండి. నిన్న పౌర్ణమి, ఇయ్యాళ పాడ్యమి. ఆటు బాగా లాగేస్తాదండి, పాయలో నీళ్ళుండవు."

ఆ మాట అతని అత్తగారు మహలక్ష్మికి వినపడలేదో, విని లెక్కచెయ్యలేదో తెలీదు. పన్నెండున్నరకి విస్తళ్ళు వేసింది. పీతల ఇగురు, సన్నటి చేపపిల్లల చీరమేను, మాగచేప పులుసు, మళ్ళీ శాకాహారులెవరైనా ఉంటారేమోనని గుత్తొంకాయ, పప్పు. విస్తట్లో ఖాళీ కనిపిస్తే ఆవిడకి ప్రాణం ఒప్పదు. "అదేం తిండండి, పిట్టంత? మా రత్నం చుట్టాలై వచ్చి సగం కడుపుతో లేస్తారాండీ?" అంటూ రెండోసారి, మూడోసారి. ఒంటిగంటన్నరయింది. సుబ్బారావుగారు "ఇంక చాలండి" అంటూనే చెయ్యి అడ్డం పెట్టరు. గేదె ఈనింది, జున్ను ఉంది, అది పొయ్యి మీద ఉడుకుతోంది, ఉడికేదాకా కూర్చోవాలి. సత్తిబాబు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఆకాశం చూసి, మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నూకరత్నం స్వయంగా నా విస్తట్లో జున్ను వేసింది. మేం లేచేసరికి రెండూ నలభై.

మూడూ అయిదుకి పాయ మధ్యలో పడవ అడుగు నేలని తాకింది. మోటారు బురద చిమ్మింది, ఆగింది. సత్తిబాబు దిగి మోకాలిలోతు బురదలో నిలబడి భుజంతో తోశాడు. మావారు కూడా పంచె ఎగ్గట్టి దిగారు. పడవ కదల్లేదు.

"మళ్ళీ పోటెక్కేదాకా ఇంతేనండి. అయిదున్నర దాటుతాది" అన్నాడు సత్తిబాబు. అతని మొహం చూడలేకపోయాను. నూకరత్నం స్టవ్వు పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. సుబ్బారావుగారు తువ్వాలుతో దోమలు తోలుకుంటూ "పరవాలేదండి, ఇదీ ఓ సరదాయే" అన్నారు. ఆయన భార్య తలనొప్పితో కళ్ళు మూసుకుంది.

నాకు రెండున్నర గంటలు బురద చూస్తూ కూర్చునే ఓపిక లేదు. పాయ నడిమధ్య ఇంకా ఓ జానెడు నీళ్ళు పారుతున్నాయి. దోనెలకి అది చాలు. ఎర్రదాన్ని విప్పమన్నాను. సత్తిబాబు పసుపుదానిలో తోడొచ్చాడు.

ఆ గంటన్నర కోసమే నేను ఈ ప్రయాణం చేశానని ఇప్పుడనిపిస్తోంది. నీళ్ళు దిగిపోయి మడచెట్ల వేళ్ళు నా తలకంటే ఎత్తున నిలబడ్డాయి. గట్ల నిండా ఎర్రపీతలు, ఒక్కోటీ ఒక్క చెయ్యే ఎత్తి పట్టుకుని. కళ్ళు నెత్తికెక్కిన చిన్న చేపలు బురద మీద గెంతుతున్నాయి. పాయ చివరికొచ్చేసరికి పొద్దున్న మేం తేలిన అఖాతం సగం లేదు. దాని చోట తడి తడిగా, ఇంకా ఎవరి పేరూ పెట్టుకోని నేల పైకొచ్చింది. మా ఊరు, మా తోట, మా బడి కూడా ఒకప్పుడు ఇలాగే తేలి ఉంటాయి. పదిహేడేళ్ళు నోటితో చెప్పిన పాఠం అప్పుడు అర్థమైంది.

"ఆటులో ఇంతదూరం నేనూ ఎప్పుడూ రాలేదండి" అన్నాడు సత్తిబాబు, తెడ్డు ఆపి. తర్వాత మెల్లగా, "తప్పు నాదేనండి. కానీ అత్తారింట్లో, విస్తరి ముందు కూర్చున్నోళ్ళని లెమ్మని అల్లుణ్ణి నేనెలా అంటానండీ?" అన్నాడు.

నిజమే, అనలేడు. ఇక్కడ పుట్టినవాడెవడూ అనలేడు.

అయిదూ నలభైకి పడవ తనంతట తనే తేలింది. మొగ దగ్గర ఎర్రటి చంద్రుడు లేచాడు గానీ పడవలో ఎవరూ ఆ మాట అనలేదు. ఎదుర్లంక రేవు చేరేసరికి ఏడున్నర. సుబ్బారావుగారు దిగి చేతులు జోడించి, "చాలా బాగుందండి, బ్రహ్మాండం. తప్పకుండా మళ్ళీ వస్తాం" అని, భార్యని స్కూటరెక్కించుకుని గబగబా వెళ్ళిపోయారు. నూకరత్నం "ఆయ్" అంది. గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. గురువారం ఖాయమైనట్టు సర్దింది.

నాకు నడుం పట్టేసింది, చీర బురదైంది, ఏడుంబావు బస్సు పోయింది. అవన్నీ కలిసి ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"చూడు సత్తిబాబూ. నేను మళ్ళీ వచ్చేసరికి ఈ బల్లల మీద పరుపుముక్కలైనా వేయించు, నడుం విరిగింది. ఆడవాళ్ళు చీరతో దోనె ఎక్కలేరని ముందే చెప్పాలి, పంజాబీ డ్రెస్సులో వస్తాం. ఆటులో ఆ పాయలోకి తీసుకెళ్ళడమే అసలు చూడాల్సింది, అది నీ ట్రిప్పులోనే లేదు, అదేం తెలివి? దోనెలు రెండు చాలవు. భోజనం మాత్రం మీ అత్తారింట్లో వద్దు. ఆవిడ చెయ్యి అమృతమే, కానీ నేను తినడానికి రావడం లేదు. నా క్లాసు పిల్లల్ని తీసుకొస్తే, బురదలో మూడు గంటలు కూర్చోబెట్టుకుని ఏం చెయ్యను?"

మావారు వెనకనుంచి, "టార్పాలిన్‌కి కూడా కుడిపక్క చిల్లుంది" అన్నారు.

సత్తిబాబు తలొంచుకుని విన్నాడు. నూకరత్నం గిన్నె చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది. నేను మరీ ఎక్కువ మాట్లాడానేమోనని నాలిక్కరుచుకునేలోపు, ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మాయమ్మకి నేను చెప్తాను, నువ్వు చెప్పలేవు. ఈసారినుంచి కూరలు తెల్లారగట్ల వండించి పడవలోకే తెచ్చేద్దాం. జున్నూ గిన్నూ ఏమీ లేదు."

సత్తిబాబు లంగరు తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఈసారి" అన్న మాట దగ్గరే అతను ఆగిపోయాడని నాకు అర్థమైంది. ఆమె మాత్రం గిన్నె కడగడానికి వంగింది, కళ్ళు తుడుచుకోవడం కనపడకుండా.

ఎనిమిదీ పదికి యానాం నుంచి వచ్చిన బస్సు దొరికింది. ఎవరైనా వెళ్ళేట్టయితే తిథి చూసుకుని వెళ్ళండి, మంచినీళ్ళు రెండు సీసాలు పట్టుకెళ్ళండి, ఎండకి గొడుగు పనికిరాదు, టోపీ మంచిది. మొగ దగ్గర చూడ్డానికి ఏముందని అడిగితే, ఏమీ లేదు, నీళ్ళూ బురదా. మన కాళ్ళ కింద నేల ఎలా వచ్చిందో మాత్రం అక్కడే కనపడుతుంది.

మురమళ్ళ దాటాక నాకు భయం పట్టుకుంది. నడుంనొప్పి కోపంలో నేనన్న నాలుగు మాటలకి ఒక మనిషి చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకుంటున్నాడు. రేపు పడవ సాగకపోతే ఆ పాపం ఎవరిది? మావారికి అదే చెప్పాను. ఆయన కాళ్ళకి ఆరిన బురద గోళ్ళతో గీక్కుంటున్నారు.

"నిజంగా వెళ్తానన్నావా, ఆ పిల్ల ధైర్యం కోసం అన్నావా?"

"మీకేమనిపించింది?"

"మళ్ళీ గడప తొక్కని ఇంట్లో నువ్వెప్పుడూ ఎవర్నీ తిట్టగా చూడలేదు" అన్నారు. గోళ్ళు దులుపుకుని తనే, "పిల్లలతో వెళ్తే ఇద్దరు పెద్దవాళ్ళుండాలి కదా. ఎప్పుడో ముందే చెప్పు, కొబ్బరి దింపు కూలీల్ని ఆ రోజుకి రావద్దంటాను" అన్నారు.