కెమిస్ట్రీ తప్పిన అలమారక్క

అలమారక్క అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. మందుల షాపులో ఇరవై ఏళ్ల కొలువు. పేరు చదవకుండానే, డబ్బా రంగు చూసి ఏ అరలోని మాత్రనైనా తీసిచ్చేది. ఆ గర్వమే ఒకసారి కొంప ముంచబోయింది.

కంపెనీవాడు చెప్పాపెట్టకుండా డబ్బాల రంగు మార్చేశాడు. ఆవిడ అలవాటుకొద్దీ నీలం డబ్బా అందుకుని, షుగరు మాత్రలనుకుని ఒక ముసలాయనకు బీపీ మాత్రలు ఇచ్చి పంపింది. షాపు పెద్దాయన, ఫార్మసిస్టూ ఆయనే, అది గమనించి చెప్పులైనా వేసుకోకుండా సందు చివరిదాకా పరిగెత్తి ఆ మాత్రలు వెనక్కి తెచ్చాడు. ఎంత మంచి మనిషి! ఒక్క మాట తిట్టలేదు. ఆయాసం తీరాక అన్నాడు.

"నీ చేతికి తెలిసినంత నీ బుర్రకి తెలియదమ్మాయ్. ఫార్మసీ చదువు."

"పన్నెండో తరగతి కెమిస్ట్రీయే తప్పానండీ. నాకెందుకు ఆ యావ!"

"తప్పితే మళ్లీ రాయి. కొంపలేం మునగవు."

రేపు, ఎల్లుండి అంటూనే పదేళ్లు గడిపేసింది. ఈలోగా పెద్దాయన పోయాడు. ఆయన కుర్చీ ఖాళీ అయ్యాక గానీ ఆవిడకు రోషం రాలేదు. నలభై మూడేళ్ల వయసులో క్యాలెండరు వెనక వరసగా రాసుకుంది: ముందు కెమిస్ట్రీ, తర్వాత ప్రవేశ పరీక్ష, ఆపైన రెండేళ్ల డిప్లొమా.

"నీ పట్టా వచ్చేసరికి ముసలాళ్లమై ఆ మందులు మనమే మింగాలి," అన్నాడు దర్జీ మొగుడు. అన్నాడే గానీ, పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడింది ఆయనే. కాలేజీలో చదువుతున్న కూతురు పాఠం చెప్పేది. అలమారక్క కెమిస్ట్రీ మొదటిసారి నాలుగు మార్కుల తేడాతో తప్పింది. రెండోసారి గట్టెక్కింది. ప్రవేశ పరీక్షలో సీటూ వచ్చింది.

చేరడానికి ఆఖరి రోజు. తల్లీకూతుళ్లు కాలేజీ కిటికీ దగ్గరకు చేరేసరికి మూసేవేళ కావస్తోంది. గుమాస్తా ఫారం వెనక్కి తోశాడు.

"సంరక్షకుల సంతకం లేదు. అది లేనిదే సీటు ఇవ్వడం కుదరదమ్మా."

అమ్మానాన్నలు ఏనాడో పోయారు. మొగుడు ఎక్కడో పొరుగూళ్లో కొలతలు తీసుకుంటున్నాడు. ఆ గడిలో సంతకం పెట్టవలసిన మనిషి పెద్దాయనే అనిపించింది ఆవిడకు. ఎంత ఆలస్యం చేశాను, అనుకుంది.

కూతురు పెన్ను లాక్కుంది. "నాకు పంతొమ్మిది నిండాయి. మా అమ్మకి నేనే సంరక్షకురాలిని, పెట్టొచ్చా?"

గుమాస్తా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుంటూ తలూపాడు.

పిల్ల సంతకం గీకి, తల్లివైపు వేలు చూపించింది. "బుద్ధిగా చదువుకో. క్లాసులెగ్గొట్టావని తెలిసిందో, వీపు చిట్లుతుంది!"

"అలాగేనండీ," అంది అలమారక్క, కళ్లు తుడుచుకుంటూ.