ముళ్ళు తీయించిన ఎండుచేప

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి లోకమంతా ఇళ్ళలోకి దూరి తలుపులేసుకున్న రోజుల్లో, మేం ఐర్లండ్‌లో ములింగార్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడిగేవారు. ఆ హద్దు మనుషులకే. మా పక్కింటి ఆంటీ ఎండుచేపలు వేయించిందంటే ఆ వాసన గార్డుల ముందు నుంచే దర్జాగా నడిచి, డబ్లిన్ చేరి, సముద్రం దాటి, ఇంగ్లండులో పడుకున్న పిల్లుల్ని తట్టి లేపేది.

ఆంటీది ఫిలిప్పీన్స్. ఆవిడా మా అమ్మా ఒకే ఆసుపత్రిలో నర్సులు. ఆ చేపల్ని ఆవిడ తుయో అనేది. ఉప్పులో ఊరి ఎండలో ఎండిన ఆ చేపలు మా కాకినాడ ఎండు కవళ్ళకి వేలు విడిచిన మేనత్త కూతుళ్ళలా ఉండేవి. వాళ్ళ దేశంలో పొద్దున్నే వెల్లుల్లి అన్నంతో, వెనిగర్‌లో ముంచుకుని తింటారట. మా ఇంట్లో మాత్రం ఎండుచేపకి ప్రవేశం లేదు. కర్టెన్లకి కంపు పడితే ఇంటి ఓనరు లీజు చింపి మా చేతిలో పెడతాడని నాన్న భయం. ఆంటీ తెలివిగా పెరట్లో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుని వేయించేది.

అమ్మకి కరోనా వచ్చింది. వచ్చి వదిలింది గానీ, పోతూ పోతూ ఆవిడ ముక్కునీ నాలుకనీ మూట కట్టుకుపోయింది. ఏం పెట్టినా అట్టముక్క నమిలినట్టుందని పళ్ళెం తోసేసేది. గాజులు మోచేతి దాకా జారేవి. మేడ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. అమ్మమ్మ ఫోన్లో "తిన్నావా" అంటే "తిన్నాను". చర్చి ఆంటీలు అడిగినా "తిన్నాను". ఇంకా బరువు తగ్గితే ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరు నాన్నతో చెప్పడం నేను విన్నాను. ఆ రోజుల్లో ఆసుపత్రిలోకి వెళ్ళినవాళ్ళని చూడ్డానికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. లోపలికి వెళ్ళి బయటికి రానివాళ్ళ సంగతులు మా తరగతి పిల్లలందరికీ తెలుసు. నేను రాత్రుళ్ళు దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

ఆంటీ కూడా గోడవతల నుంచి "తిన్నావా" అని అడిగేది. వాళ్ళ దేశంలోనూ పలకరింపంటే అదే. అందుకే కాబోలు, "తిన్నాను" అన్న అబద్ధం ఆవిడ దగ్గర చెల్లలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను గోడ దగ్గరికి రమ్మని సైగ చేసింది. రెండు బారల దూరంలో నిలబడి, మాస్కు లోంచి, వీధి వీధంతా వినేంత గట్టిగా గుసగుసలాడింది. ముళ్ళంటే భయమని అమ్మతో చెప్పమంది. అమ్మ ఒక ముద్ద తింటేనే నేను ఇంకో ముద్దకి నోరు తెరవాలంది. తర్వాత తుయో కరకరలాడేలా వేయించి, అన్నంతో సహా పళ్ళెం గోడ మీద పెట్టి, వెనక్కి జరిగి తన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను పళ్ళెం తీసుకుని మా పెరట్లో కూర్చున్న అమ్మ ముందు పెట్టి, "ముళ్ళు" అని మొహం వేలాడేశాను. అమ్మ నిట్టూర్చి చేయి కడుక్కొచ్చింది. చేప విరిచి, ముళ్ళు ఏరి, అన్నంలో కలిపి ముద్ద చేసింది. మొదటిది తిన్నాను. రెండోదానికి బ్యాంకు లాకరులా నోరు బిగించేశాను.

"ఏమే, తెరువు."

"నువ్వు తిను ఫస్ట్."

"నేను తిన్నానే."

"అయితే అయామ్ గ్రాండ్" అన్నాను, అంటే అక్కడివాళ్ళ ఇంగ్లీషులో నాకేం వద్దని.

అమ్మ గోడవైపు చూసింది. ఆంటీ ఆకాశంలో మబ్బుల్ని మహా శ్రద్ధగా పరిశీలిస్తోంది. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. వాసన వచ్చిందా అని ఆశగా అడిగాను.

"లేదే. కరకరలాడుతోంది, అంతే."

నీకోటి నాకోటి అంటూ పళ్ళెం ఖాళీ చేశాం. ఆఖర్న అమ్మ గోడవతలికి, "నువ్వూ నీ నాటకాలూ" అని అచ్చ తెలుగులో తిట్టింది. ఆంటీకి అక్షరం అర్థమవలేదు గానీ పడీ పడీ నవ్వింది. మర్నాడు గోడ మీద మళ్ళీ పళ్ళెం. ముక్కు తిరిగి రావడానికి నెలలు పట్టింది. అమ్మ మాత్రం ఆసుపత్రికి వెళ్ళింది ఉద్యోగానికే.

పెద్దయ్యాక తుయో నేనే వేయించుకున్నప్పుడు తెలిసింది, ఆ చేపలో ముళ్ళు జంతికల్లా నలిగిపోతాయని, అసలు తీసే పనే లేదని. కవళ్ళు తలతో సహా నమిలి పెరిగిన కాకినాడ పిల్ల మా అమ్మ. ఆవిడకి తెలియకపోవడమేమిటి? తెలిసే కూర్చుని ఒక్కొక్క ముల్లూ ఏరింది.

అందుకే, ఎవరైనా దిగులుతో తిండి మానేశారని వింటే నేను క్యారియరు కట్టుకుని వెళ్ళను. తిన్నావా అని అడగను. పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకుని వాళ్ళింటికి వెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు" అంటాను.